ఏఈఈ సివిల్ ప్రిపరేషన్: ట్రస్సులు, రోబోలు, పాత కంప్యూటర్లు

ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) సెలెక్షన్ లిస్టులో నా హాల్‌టికెట్ నంబరు కనపడ్డ దగ్గర్నుంచి ఫోను మోగుతూనే ఉంది. ఏ బుక్స్ చదివావన్నా, రోజుకెన్ని గంటలు కూర్చున్నావన్నా? బుక్స్ మీ అందరి దగ్గరా ఉన్నవే. సిలబస్ గురించీ వెయిటేజీ గురించీ కొత్తగా చెప్పేదేం లేదు. నాకు నిజంగా పనికొచ్చింది ఒకటుంది, అదే కాస్త వివరంగా రాస్తాను.

జీఎస్ (జనరల్ స్టడీస్)లో సైన్స్ అండ్ టెక్నాలజీ అంటే మనకు బిట్ల మూట. మొదటి ఇండస్ట్రియల్ రోబో యూనిమేట్, 1961, జనరల్ మోటార్స్ ప్లాంటు. మన రోబోల్లో వ్యోమమిత్ర ఇస్రోది, దక్ష్ డీఆర్‌డీవోది. మన కంప్యూటర్లలో టిఫ్రాక్ 1960, సూపర్ కంప్యూటర్ పరమ్ 8000 వచ్చింది 1991. పొద్దున బట్టీ కొడితే రాత్రికి ఎగిరిపోయేవి. సివిల్‌లో స్ట్రక్చరల్ అనాలసిస్ ఫార్ములాలదీ అదే వరస.

దారి దొరికింది ఐస్‌క్రీమ్ పుల్లలతో. నాలుగు పుల్లల చివర్లకు బెజ్జాలు పెట్టి, గుండుసూదులు గుచ్చి చతురస్రం చేశాను. ఒక మూల నెడితే పక్కకు వాలిపోయింది. ఐదో పుల్ల కర్ణంగా వేశాక ఎంత నెట్టినా కదల్లేదు. ట్రస్సు, అంటే కడ్డీలను చివర్లలో కలిపి కట్టే చట్రం, కదలకుండా నిలబడాలంటే కనీసం 2×జాయింట్లు−3 మెంబర్లు (కడ్డీలు) కావాలి. ఇక్కడ జాయింట్లు నాలుగు, 2×4−3 = 5. ఇంతవరకూ మీకూ తెలిసిందే. ఊరికే ఆ ఐదోది పీకేసి అటూ ఇటూ ఊపుతూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది: మనం అన్‌స్టేబుల్ అని కొట్టేసే ఈ ట్రస్సే మెకానికల్ వాళ్ల ఫోర్‌బార్ మెకానిజం, నాలుగు కడ్డీల కదిలే యంత్రం! ఒక మెంబరు తగ్గితే ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడం (స్వతంత్రంగా కదలగల ఒక తీరు) పుట్టింది. మనం ఆపాలని చూసే కదలికకే వాళ్లు మోటారు బిగించి పని చేయించుకుంటారు. రోబో చేయి ఒక పనిముట్టును ఏ చోటికైనా, ఏ వాలులోనైనా చేర్చాలంటే ఆరు ఫ్రీడంలు కావాలి, జరగడానికి మూడు, తిరగడానికి మూడు. స్పేస్ ఫ్రేమ్ (మూడు దిక్కులా కట్టే చట్రం)లో రిజిడ్ జాయింటుకు మనం వేసే ఆరూ అవే. కైనమాటిక్ ఇండిటర్మినసీ (జాయింట్లకు మొత్తం ఎన్ని ఫ్రీడంలున్నాయో లెక్కపెట్టే) బిట్టు ఆ తర్వాత ఒక్కటీ పోలేదు.

అక్కడి నుంచి ప్రతి బిట్టునూ ఒకటే అడగడం అలవాటైంది: ఇది రాకముందు వాళ్లకొచ్చిన ఇబ్బందేంటి? ఇంజనీరు హార్డీ క్రాస్ 1930లో మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ (ఫ్రేములో వంచే మొమెంట్లను దఫదఫాలుగా పంచి లెక్కగట్టే పద్ధతి) ఎందుకు ఇచ్చాడు? పెద్ద ఫ్రేముకు పదుల కొద్దీ ఈక్వేషన్లు చేత్తో సాల్వ్ చేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి. కంప్యూటర్లు వచ్చాక ఆ ఇబ్బంది పోయి ఈక్వేషన్లన్నీ పట్టికలా పేర్చి కలిపి సాల్వ్ చేసే మ్యాట్రిక్స్ మెథడ్స్ ముందుకొచ్చాయి. తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్‌లో ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మారాలంటే కేబుళ్లు పీకి మళ్లీ గుచ్చాలి. ఆ బాధలోంచి స్టోర్డ్ ప్రోగ్రాం (ఆదేశాలను కంప్యూటర్ మెమరీలోనే పెట్టుకోవడం) వచ్చింది, మాంచెస్టర్‌లో 1948లో మొదటిసారి నడిచింది. మనకు కావాల్సిన స్థాయి సూపర్ కంప్యూటర్ ఇవ్వడానికి అమెరికా ఒప్పుకోలేదు, 1988లో సీడాక్ అనే సంస్థ పెట్టుకున్నాం, పరమ్ వచ్చింది. ఇలా పట్టుకుంటే సంవత్సరాలు వాటంతటవే వరసలో నిలబడ్డాయి.

బ్రిడ్జిలకైతే మాది గోదావరి పక్క ఊరు కాబట్టి పుస్తకం అక్కర్లేకపోయింది. కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్తూ ఆర్చ్ బ్రిడ్జి చూడని వాళ్లెవరు? 28 స్పాన్లు, ఒక్కోటీ 97.5 మీటర్ల పైనే. ఆర్చ్ ఎప్పుడూ రెండు కాళ్లనూ బయటికి తోస్తుంది. ఇసుకలో బావులు దించి లేపిన పియర్లను (స్తంభాలను) అలా పక్కకు తోయడం మంచిది కాదు. అందుకే కింద డెక్కే విల్లు నారిలా రెండు చివర్లనూ లాగి పట్టుకుంటుంది, పియరు మీదకు ప్రధానంగా నిలువు బరువే దిగుతుంది. అదే బౌస్ట్రింగ్. 2025లో తెరిచిన చీనాబ్ బ్రిడ్జి ఆర్చ్ 467 మీటర్లు, దానికి నారి లేదు. రెండు పక్కలా కొండరాయి ఉంది, తోస్తే తోసుకోనీ అని వదిలేశారు. అమెరికాలో గాలికి కూలిన టకోమా నారోస్ బ్రిడ్జి (1940) గురించి ఆప్షన్లలో రెజొనెన్స్ (గాలి తాళం బ్రిడ్జి సహజ ఊపుతో కలవడం) కనపడగానే టిక్ పెట్టకండి. కూలింది ఫ్లటర్ వల్ల. గాలి పోయే సందు లేని ప్లేట్ గర్డర్లు, పొడవుకు తగ్గ బిగువు లేని సన్నటి డెక్, ఊగేకొద్దీ గాలే దానికి ఇంకా బలం పోసింది.

కోచింగ్‌లో కొందరు నవ్వారు, ఏఈఈకి ఈ కథలెందుకురా, టెస్ట్ సిరీస్ రాసుకో అని. రాశాను, అదీ రాశాను. పుల్లలతో ఆడుకుని పాసయ్యానని ఎవరూ అనుకోవద్దు. పొద్దున్నే లేచాను, ఫోనులో యాప్‌లన్నీ తీసేశాను, పెళ్లిళ్లకు వెళ్లక బంధువుల చేత మాట పడ్డాను. మీరూ కూర్చోవాలి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. రీల్స్ చూస్తూ కటాఫ్ ఎక్కువైందని ఏడిస్తే ఎవరేం చేస్తారు?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆర్‌సీసీకి (ఇనుప కడ్డీలున్న కాంక్రీటుకు) ఐఎస్ 456 కోడ్ పక్కన పెట్టుకుని క్లాజులతో సహా చదవండి. ఎన్విరాన్‌మెంటల్ పాత పేపర్లతో సరిపోతుంది. సర్వేయింగ్ మార్కులు వదులుకోకండి. ఓపెన్ చానల్ ఫ్లో (కాలువల్లో నీటి ప్రవాహం) మాత్రం నన్నడక్కండి, అందులో నాకొచ్చినవి పూర్తిగా దేవుడి దయ.