వాండరర్స్ పట్టిక: ఫైనళ్లు అయిపోయాయి

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ఎఫ్‌ఏ కప్ తొలి విజేత వాండరర్స్. ఆ జట్టు ఆటగాళ్లతో నేను తయారుచేస్తున్న పట్టిక ఒక కొలిక్కి వచ్చింది. 1872, 1873, 1876, 1877, 1878 ఫైనళ్లు పూర్తయ్యాయి. ఐదు ఆడితే ఐదూ గెలిచారు. ఇక మిగిలింది మామూలు మ్యాచ్‌ల గుట్ట.

ఆటగాడికో వరుస పెడితే పని జరగదు. ఒక మనిషి ఒక మ్యాచ్ ఆడితే ఒక వరుస. గడులు ఇవి: తేదీ, మైదానం, ప్రత్యర్థి, పత్రికలో పడ్డ పేరు, అసలు పేరు, చదివిన బడి. పేరుకు రెండు గడులు తప్పవు. 1872 మార్చి 16న లండన్‌లోని కెన్నింగ్టన్ ఓవల్ మైదానంలో రాయల్ ఇంజనీర్స్‌పై ఏకైక గోల్ కొట్టిన ‘ఎ.హెచ్. చెకర్’ నిజానికి మోర్టన్ బెట్స్. ఆ పోటీలో వాండరర్స్‌తో తొలి రౌండ్ ఆడకుండా తప్పుకున్న హారో చెకర్స్ (హారో బడి పూర్వ విద్యార్థుల) జట్టు మనిషి. దాచుకోవడానికి పెట్టుకున్న పేరే ఆయన గుట్టు విప్పుతోంది!

పాత పత్రికల్లో ‘వాండరర్స్’ అని మాత్రమే వెతికితే ఊరూరి వాండరర్లు వచ్చి పడతారు. పక్కన ‘ఓవల్’ గానీ, జట్టును నడిపిన ‘ఆల్కాక్’ పేరు గానీ చేర్చండి. సొంత మైదానం లేని జట్టు కాబట్టి ఓవలే దాని చిరునామా. 1859లో పుట్టినప్పుడు పేరు ఫారెస్ట్, 1864లో మారింది. అంతకు ముందరి మ్యాచ్‌లకు పాత పేరుతోనే వెతకాలి.

స్కోరుకూ రెండు గడులు పెట్టాల్సి వచ్చింది, వాండరర్స్ ఆటగాడు కినైర్డ్ పుణ్యమా అని. 1877 ఫైనల్లో గోల్‌కీపర్‌గా ఉన్న ఆయన బంతి పట్టుకుని గోల్ గీత వెనక్కి అడుగేశాడు. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి గోల్. తర్వాత ఆ గోల్‌ను రికార్డుల్లోంచి తీసేసి 2-0 అన్నారు. సుమారు వందేళ్లకు మళ్లీ 2-1 చేశారు.

అన్నిటికన్నా పనికొచ్చింది బడి గడి. కినైర్డ్ 1873లో వాండరర్స్‌కు, 1876 ఫైనల్లో వాళ్ల మీదే ఓల్డ్ ఈటోనియన్స్‌కు (ఈటన్ బడి పూర్వ విద్యార్థుల జట్టు), 1877, 1878లలో తిరిగి వాండరర్స్‌కు, 1879 ఫైనల్లో మళ్లీ ఈటోనియన్స్‌కు ఆడాడు. పేరున్న బడుల పూర్వ విద్యార్థులను పోగేసి నడిపిన క్లబ్ ఇది. ఆ బడుల జట్లు బలపడి తమవాళ్లను తాము పిలుచుకోగానే ఖాళీ అయింది. వరుసగా మూడుసార్లు గెలిచి కప్పును శాశ్వతంగా ఉంచుకునే హక్కు సంపాదించినవాళ్లు, ఇకపై ఎవరికీ అది సొంతం కాకూడదన్న షరతుతో తిరిగి ఇచ్చేశారు. అదే 1878 నవంబరులో తొలి రౌండ్‌లోనే ఈటోనియన్స్ చేతిలో 2-7తో చిత్తయ్యారు.

తర్వాత ఎక్కించాల్సినవి 1883 వరకు హారో స్కూలుతో ఏటా ఆడిన ఆటలు. ఎవరిదగ్గరైనా ఆ జట్ల జాబితాలుంటే చెప్పండి.