అమ్మ పాత బైబిలు

ఈ ఉదయం సికింద్రాబాద్‌లో ఆరాధన ముగిశాక అమ్మ పాత బైబిలు తెరిచాను. కీర్తనల దగ్గర పేజీల అంచులన్నీ నూనె మరకలే. వంట చేస్తూనే చదువుకునేది. చిన్నప్పుడు క్రిస్మస్‌కు మమ్మల్ని మెదక్ చర్చికి తీసుకెళ్లేది. 1924లో ప్రతిష్ఠించిన ఆ మందిరాన్ని కరువు రోజుల్లో పనిచేసినవారికి అన్నం పెట్టి కట్టించారని అక్కడే చెప్పింది. దేవుని సేవకు నా పిలుపు ఆ చర్చి మెట్ల మీదే మొదలైందని ఇప్పటికీ నమ్ముతాను.

ఉద్యోగం వదిలి సేవకు వస్తానన్నప్పుడు నా భార్య ఒక్కటే అడిగింది: "ప్రార్థన చేశారా?" చేశానన్నాను. మరుసటి నెల నుంచి ట్యూషన్లు చెప్పి ఇల్లు నడిపింది. 20 ఏళ్లయింది. ఈ రోజు కూడా, వాక్యం చెప్పడానికి లేచేముందు నా కాలరు సరిచేసింది. ప్రభువా, నీకు స్తోత్రం.