తల ముంచి ఈదడం, చించినాడ వంతెన ఎక్కడం: నా మొదటి ట్రయాథ్లాన్

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళని ఈత వచ్చా అని అడిగితే కాస్త చిన్నతనంగానే ఉంటుంది. నాకూ వచ్చు. పాలకొల్లు పక్కన మా ఊరి రేవులో, నరసాపురం కాలువలో, అరటి బోదె పట్టుకుని నేర్చుకున్నదే. అందుకే మా తమ్ముడు (బాబాయి కొడుకు, హైదరాబాద్‌లో ఉంటాడు, ఈ పరుగుల పిచ్చి ముందు వాడికే పట్టింది) ఫోన్ చేసి "అక్కా, స్ప్రింట్ ట్రయాథ్లాన్ అని చెన్నై దగ్గర పెడుతున్నారు, 750 మీటర్లు ఈత, 20 కిలోమీటర్లు సైకిలు, 5 కిలోమీటర్లు పరుగు, మూడూ ఒకదాని వెనకాల ఒకటి, నువ్వెలాగూ రోజూ పొద్దున్నే నడుస్తున్నావుగా, వచ్చెయ్" అన్నప్పుడు నాకు టెన్షన్ అంతా పరుగు గురించే. ఈత లెక్కలోకే రాలేదు. తీరా మొదలెట్టాక సగం కష్టం ఈతకే పోయింది.

సంగతేంటంటే, మన కాలువ ఈతంతా తల పైకెత్తి ఈదేదే. ఎదురుగా గుర్రపుడెక్క వస్తోందా, గేదెలు దిగాయా, అవతలి గట్టు ఎంత దూరం, ఇవన్నీ చూసుకోవాలి కదా. ఈ రేవు నుంచి ఆ రేవుకి వెళ్ళడానికి అది సరిపోతుంది. కానీ తల పైకి లేస్తే నడుము, కాళ్ళు కిందికి దిగిపోతాయి, ఒళ్ళంతా నీళ్ళలో ఏటవాలుగా ఉండి మనమే నీటికి అడ్డం పడతాం. అలా 750 మీటర్లు ఈదితే ఒడ్డుకి చేరతామేమో గానీ ఆ తర్వాత సైకిలెక్కే ఓపిక ఉండదు. ఫ్రీస్టైల్‌లో మొహం నీళ్ళలో ఉంచి, ఊపిరి నీళ్ళలోనే వదిలేసి, పక్కకి తిరిగినప్పుడు పీల్చుకోవాలి. చెప్పడానికి ఒక్క ముక్క. నలభైకి దగ్గరపడ్డ మనిషికి, చిన్నప్పటి నుంచీ మొహం తడవకుండా ఈదిన మనిషికి, అది ఎంత కష్టమో నీళ్ళలో దిగితే గానీ తెలీదు. పీల్చడం కాదు అసలు చిక్కు, వదలడం. లోపల వదలకుండా బిగబట్టుకుని, పైకి తిరిగిన ఆ కాస్త టైములో వదలడమూ పీల్చడమూ రెండూ చేద్దామని చూస్తాం, రెండూ కావు, ఆయాసం వచ్చేస్తుంది.

సంక్రాంతి వెళ్ళాక కాలువలోనే మొదలుపెట్టాను. ఊరికి ఎగువన, నీళ్ళు కాస్త శుభ్రంగా ఉండే చోట, లాకులకి బాగా దూరంగా. లాకుల దగ్గర నీటి లాగుడు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పొడుగు చేతుల టాపు, లెగ్గింగు, నెత్తిన టోపీ, కళ్ళకి గాగుల్స్. మా ఆయన తాడు కట్టిన లారీ ట్యూబు పట్టుకుని గట్టు మీద నాతోపాటే నడిచేవారు. మొదటి వారం ఊరంతా అదే మాట. పక్కింటి పిన్నిగారు ఊరుకోలేక "ఏవమ్మా, ఏదైనా మొక్కుందా?" అని అడిగేశారు. ఉందనే చెప్పాను, అది తేలిక.

కాలువతో ఇంకో తంటా ఉంది. దిగువకి ఈదితే నీళ్ళే మోసుకుపోతాయి, వాచీలో టైము చూసి మనం పెద్ద ఈతగాళ్ళమైపోయామనిపిస్తుంది. ఎగువకి తిరిగితే అసలు రంగు బయటపడుతుంది, చేతులు ఎంత ఆడించినా పక్కనున్న కొబ్బరిచెట్టు పక్కనే ఉంటుంది. నా మటుకు నేను ఎగువకి ఈదిందే లెక్కలో వేసుకున్నాను. ఈలోగా దాళ్వా కోతలొచ్చాయి, ఎప్పటిలాగే వేసవి మరమ్మతులకి కాలువలు కట్టేశారు. అడుగున బురద, పీతలు తప్ప ఏమీ లేవు. ఇక భీమవరంలో స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళక తప్పలేదు. వెళ్ళిరావడమే ఇరవై ఇరవై నలభై కిలోమీటర్ల పైన, ఆడవాళ్ళకి ఇచ్చే గంట మధ్యాహ్నం, పిల్లల పరీక్షలు ఒకపక్క. ఆడవాళ్ళ టైములు ఎప్పుడూ ఎవరూ రాని వేళకే ఎందుకు పెడతారో నాకిప్పటికీ అర్థం కాదు. కానీ నా ఈత బాగుపడింది మాత్రం అక్కడే. అక్కడ నేర్పే మాస్టారు చేతులు, కాళ్ళు ఏమీ పట్టించుకోలేదు. "బుడగలు వదలండమ్మా, ముందు బుడగలు" అని ఒకటే మాట. గోడ పట్టుకుని నిలబడి మొహం ముంచి బుడగలు వదలడమే కొన్నాళ్ళ పాటు నా ప్రాక్టీసు, పక్కన ఆరేళ్ళ పిల్లలు నవ్వుతుండగా. జూన్‌లో కాలువలు వదిలారు, ఆ వెనకే వరదలకి ఎర్రనీళ్ళు, అంచేత పూల్ మానలేదు.

సైకిలు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నాది మామూలు హైబ్రిడ్ సైకిలు, రేసు సైకిలు కొనలేదు, మొదటిసారికి అక్కర్లేదు కూడా. మనకి కొండల్లేవు, ఎదురుగాలి ఉంది. వశిష్ఠ ఏటిగట్టు మీద దక్షిణానికి తొక్కుతుంటే సముద్రం మీంచి వచ్చే గాలి ఆపేస్తుంది. ఎత్తు ఎక్కడం కావాలంటే చించినాడ వంతెనే దిక్కు. అది ఎక్కి కోనసీమలో దిగడం, దిండి దగ్గర తిరగడం, మళ్ళీ ఎక్కడం. లారీల వాళ్ళు హారన్ కొట్టి నవ్వుకుంటూ పోయేవారు. సార్వా కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది, అప్పుడు స్పీడు గురించి ఆలోచించకూడదు, రైతుకి అడ్డం రాకుండా పోవాలి.

అసలు మాయ సైకిలు దిగాక ఉంటుంది. పరుగు విడిగా ఐదు కిలోమీటర్లు హాయిగా చేసేదాన్ని. ఇరవై తొక్కి వెంటనే పరిగెడితే కాళ్ళు రాయిలా బిగుసుకుపోతాయి, మోకాళ్ళు మడత పడవు. అందుకే వారానికోసారి తొక్కి, సైకిలు గుమ్మంలో పారేసి, అదే ఊపులో గట్టు మీద పది నిమిషాలైనా పరిగెత్తాలని తమ్ముడు పట్టుబట్టాడు. నన్నడిగితే మిగతా ప్రాక్టీసు ఒకటి రెండు తగ్గినా ఇది మాత్రం మానకూడదు.

ఇంకొకటి, కొబ్బరినీళ్ళు. మనవాళ్ళు దేనికైనా బొండం తాగమంటారు. మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మన ఉక్కలో చెమటతో పోయేది ఎక్కువగా సోడియమే. నేను ఉప్పేసిన పల్చటి మజ్జిగ, సైకిలు మీద ఓఆర్ఎస్ నమ్ముకున్నాను. తినడానికి చక్కెరకేళి అరటిపండు.

ఫిబ్రవరిలో సైకిలు చక్రాలు విప్పి, పాత దుప్పట్లు చుట్టి, పార్సిల్‌లో వేసి భీమవరంలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ముందురోజు చెక్-ఇన్‌లో బ్రేకులు, హెల్మెట్ చూశారు. హ్యాండిల్ చివర్ల మూతల్లో ఒకటి ప్రయాణంలో ఊడిపోయింది, మూత లేకపోతే సైకిల్ని లోపలికి పోనివ్వరు. ఎవరో పుణ్యాత్ముడు సోడా బాటిల్ బిరడా పెట్టి టేప్ చుట్టి ఇచ్చాడు. రూల్స్ తెలుసుకుని వెళ్ళడం మంచిది. ఈత నుంచి వచ్చాక హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించాకే సైకిల్ని ముట్టుకోవాలి, సైకిళ్ళు నిలిపే చోటు బయట గీసిన గీత దాటాకే ఎక్కాలి, తిరిగొచ్చాక గీతకి ముందే దిగాలి. ఇదంతా మా పెరట్లో ముగ్గుపిండితో గీత గీసి ప్రాక్టీస్ చేశాను, మా అత్తగారు అరుగు మీద కూర్చుని తప్పులు పట్టేవారు.

సముద్రంలో ఆడవాళ్ళని విడిగా, గులాబీ టోపీలతో వదిలారు. మొదటి అల మొహాన కొట్టగానే మాస్టారి బుడగలన్నీ మర్చిపోయాను. ఎవరిదో మడమ చెంపకి తగిలింది, ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి. ఎలా ఈదినా ఎవరూ అనరు, అలిసిపోతే పక్కనున్న కయాక్ (కాపలా చిన్న పడవ) పట్టుకుని ఆగొచ్చు కూడా, ముందుకి మాత్రం పోకూడదు. నేను పట్టుకోలేదు. తల పైకెత్తేసి మా ఊరి ఈత అందుకున్నాను. ఊపిరి కుదుటపడింది, పైగా దారి చూపే బూయీ ఎక్కడుందో నాకు బాగా కనపడుతోంది. చుట్టూ మంచి ఫ్రీస్టైల్ ఈదేవాళ్ళు కొందరు దిక్కు తెలీక పక్కకి పోతున్నారు! అక్కణ్ణుంచి కాసేపు మొహం ముంచి, నాలుగు బారలకోసారి తలెత్తి చూసి, రెండు ఈతలూ కలిపి ఒడ్డున పడ్డాను.

సైకిల్లో చాలామంది దాటిపోయారు, ఎదురుగాలి మొదలయ్యాక వాళ్ళలో కొందర్ని మళ్ళీ దాటాను. చించినాడ పుణ్యం. పరుగులో మొదటి కిలోమీటరు కాళ్ళు మాట వినలేదు, రెండోదానికి విన్నాయి, ఎండ మాత్రం చివరిదాకా వదల్లేదు. మొత్తం రెండు గంటల లోపే. మెడల్ మెడలో వేశారు. ఇంటికి ఫోన్ చేస్తే అత్తగారు మొట్టమొదట అడిగింది "గీత దగ్గర దిగావా?" అని.

తర్వాతది ఒలింపిక్ దూరం, అంటే 1500 మీటర్లు ఈత, 40 కిలోమీటర్లు సైకిలు, 10 కిలోమీటర్లు పరుగు. మళ్ళీ కాలువలు కట్టే రోజులొస్తున్నాయి. ఈసారి పూల్‌లో ఆడవాళ్ళకి పొద్దున్న టైము ఇమ్మని నలుగురం కలిసి అర్జీ పెట్టాం. మా పిన్నిగారి కోడలూ సంతకం పెట్టింది.