రాళ్ళ దగ్గర వల వెయ్యం

మాది విజయనగరం జిల్లా, పూసపాటిరేగ మండలం. ఒడ్డుకి ఎదురుగా నీళ్ళలో రాళ్ళున్నాయి. వలలు చిరుగుతాయని తిట్టుకుంటూనే అందరం అక్కడికే పోతాం, చేప ఉండేది అక్కడే కాబట్టి.

ఒకరోజు మా వలకి ద్రాక్షగుత్తుల్లా ఏవో అంటుకుని వచ్చాయి. కందవాయి (కటిల్‌ఫిష్) గుడ్లు. నాన్న వాటిని చేత్తో నులిమి పడవలోంచి విసిరేశాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. కానీ నేను నాలుగేళ్ళు గుజరాత్‌లోని వేరావల్‌లో మరబోటు మీద చేసి వచ్చినవాణ్ణి. పనికిరాని పిల్ల చేపని పారతో ఎత్తి సముద్రంలో పోసేవాళ్ళం అక్కడ. ఆ గుడ్లు చూసేసరికి అదే గుర్తొచ్చింది.

సంక్రాంతి నుంచి రాళ్ళ దగ్గర వల ఆపేద్దాం, గేలం మాత్రం వేసుకుందాం అని గుడి దగ్గర మాట ఎత్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఎలాగూ 61 రోజులు వేట నిషేధం. దానికి ముందు మూడు నెలలు కలిపితే ఆ చోటికి ఐదు నెలలు ఊపిరి దొరుకుతుంది. అట్ట మీద బొమ్మలేసుకుని మరీ వెళ్ళాను. ఒక్కడూ చూడలేదు. "సముద్రానికి గట్టు కడతావేటిరా గుంటడా?" అన్నాడు చిన్నతాత. అందరూ నవ్వారు, మీటింగు అయిపోయింది.

రెండో మీటింగూ అంతే. మూడోదానికి చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చారు. మా పెద్దమ్మ లేచి, "ఇంత పిల్ల చేప తెస్తే బుట్ట దించడానికి నాకు సిగ్గేస్తంది. బేరానికొచ్చినోళ్ళు నవ్వుతున్నారు" అంది. బొమ్మల అట్ట కంటే ఆ ఒక్క మాటే పనిచేసింది. నాలుగో మీటింగులో తీర్మానం. తప్పితే రెండు వేలు జరిమానా, డబ్బు ఊరి పెట్టెలోకి.

ఆ తీర్మానానికి సర్కారు కాగితం కోసం ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసుకి వెళ్ళమన్నారు. అక్కడికెళ్తే "మీలో మీరు ఒప్పుకున్నదానికి మేమేం రాస్తాం?" అన్నారు. నిజమే అనిపించింది. మూడోసారి వెళ్ళలేదు.

హద్దు గుర్తుకి జెండాలు కట్టిన డ్రమ్ములు దింపాం. వాయుగుండం వచ్చిన రాత్రి రెండు కొట్టుకుపోయాయి, మూడోదాన్ని తాడు కోసి ఎవరో పట్టుకుపోయారు. అప్పుడు చిన్నతాతే (అవును, ఆయనే) నన్ను పడవెక్కించుకుని చూపించాడు. లైట్‌హౌసూ గుడి గోపురమూ ఒకదాని వెనకాల ఒకటి వచ్చేదాకా నడిపి, "ఇదొక గీత" అన్నాడు. తర్వాత నీళ్ళ ట్యాంకుని ఒంటి తాటిచెట్టు మీదికి తెచ్చి, "ఇది రెండోది. ఇవి కలిసిన కాడే రాయి మొదలు" అన్నాడు. జీపీఎస్ పెట్టి చూస్తే నేను ముందు గుర్తుపెట్టిన చోటే తప్పు.

పక్క ఊరివాళ్ళతో గొడవ అవుతుందని నాకు టెన్షన్. తీరా మొదట తప్పింది మా బావే. చీకట్లో వెళ్ళి వల వేశాడు. ముగ్గురు చూశారు, ముగ్గురూ నా ముఖం చూశారు. వదిలేస్తే మర్నాటికి అందరి వలలూ అక్కడే ఉంటాయి. రెండు వేలూ కట్టించాను. అక్క రెండు నెలలు నాతో మాట్లాడలేదు. అమ్మకి నా మీదే కోపం.

ఫిబ్రవరిలో ఒకాయన వలకి గుడ్లు పెట్టడానికొచ్చిన తాబేలు తగులుకుంది. తాబేలు ఊపిరి పీల్చాలంటే పైకి రావాల్సిందే, వల కింద పట్టేస్తే చచ్చిపోతుంది. మేం చేరేసరికి ఇంకా కదులుతోంది. రెక్క చుట్టూ దారం కండలోకి దిగిపోయింది. లాగితే రాదు, కొయ్యాలి. "వల ఖరీదు ఎవడిస్తాడు?" అన్నాడాయన. అడగడంలో తప్పేముంది, అప్పు చేసి కొన్న వల. ఊరి పెట్టెలోంచి ఇస్తామని చెప్పాకే కత్తి తీశాడు. దారాలు ఒక్కొక్కటే కోశాం. ఒదిలెయ్యగానే అది కాసేపు నీళ్ళ మీదే తేలింది, పెద్దగా ఊపిరి వదిలి మునిగింది.

పెట్టె తెరిస్తే అందులో ఉన్నవి ఆ రెండు వేలే. డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే బావ పక్కనే నిలబడి ఉన్నాడు.

"నా డబ్బులే కదా అవి" అన్నాడు.

"నీవే" అన్నాను.

మొన్న సంక్రాంతికి రెండేళ్ళయింది. ఈసారి రాళ్ళ కాపలాకి పేర్లు రాస్తుంటే, తన పేరు కూడా రాయమన్నాడు. అక్క ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు.