నెత్తుటి జాడ వెంట

జనవరిలో ఒక శనివారం తెల్లవారుజామున మూడింటికి డాలస్‌లో బయల్దేరాం. ఫోర్ట్‌వర్త్ దగ్గర 287 హైవే ఎక్కితే విచిటా ఫాల్స్ మీదుగా చిల్డ్రెస్ దాకా అదే దారి. మా టీమ్‌లో పనిచేసే స్నేహితుడి నాన్నగారికి అటుపక్క ఆవుల రాంచ్ ఉంది. ఆవులు ఈనే రోజులు దగ్గర పడ్డాయి, కయోటీల బెడద ఉంది, వేటకి వెళ్తున్నాను, వస్తావా అని అడిగాడు. తుపాకీ ముట్టనని ముందే చెప్పి, బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్లాను.

తెల్లారాక చూస్తే మార్కాపురం పొలిమేరల్లో ఉన్నట్టే అనిపించింది. ఎర్రమట్టి, నాగజెముడు, ఎటు చూసినా మెస్కీట్ చెట్లు. మన సర్కారు తుమ్మకి మెస్కీట్ దగ్గరి చుట్టం. ఆకు రాలిపోయినా ముల్లు చూసి పోల్చుకున్నాను. ఇక కయోటీ అంటే నక్కకీ తోడేలుకీ మధ్యరకం జంతువు. టెక్సాస్‌లో దాని వేటకి సీజన్ అంటూ లేదు, ఏడాది పొడుగునా వేటాడొచ్చు.

గాలికి ఎదురుగా కూర్చుని, దెబ్బ తిన్న కుందేలు అరుపు స్పీకర్‌లో పెట్టాడు. మూడో చోట కయోటీ వచ్చింది. వాసన పట్టడానికి గాలివాటు వైపు చుట్టు తిరుగుతుండగా 150 గజాల దూరంలో కాల్చాడు. అది గిర్రున తిరిగి తన డొక్కనే కొరుక్కుంది. మరుక్షణం పరుగు. వెంటనే కయోటీ కూన ఏడుపు పెట్టాడు. ఆ అరుపుకి ఒక్క క్షణం ఆగింది కానీ పొద చాటున ఆగింది. రెండో గుండు వెయ్యడానికి వీలు పడలేదు.

"పొట్టలో తగిలింది. తప్పు నాదే, గాలి విసురు చూసుకోలేదు" అన్నాడు. మొహం పాలిపోయింది.

నేను లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. వెంటపడకపోతే దొరికిన మొదటి పొదలోనే పడుకుంటుందట. తరిమితే ఆ నొప్పితోనే మైళ్లు పోతుందట. వాచీ చూసుకుంటూ అరగంట కూర్చున్నాం. అక్కడెక్కడో ఒక ప్రాణి విలవిల్లాడుతుంటే ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆ అరగంటలో తెలిసింది.

తర్వాత నాకొక పని అప్పగించాడు. తుపాకీ పేల్చిన చోటు నుంచి కదలకుండా, ఎడమకి, కుడికి అని చేతులు ఊపుతూ అతన్ని దెబ్బ తగిలిన చోటికి నడిపించాలి. దగ్గరికి వెళ్లేసరికి అన్ని పొదలూ ఒకేలా కనిపిస్తాయి, అందుకని. అతను చోటు పట్టుకుని పిలిచాక వెళ్లాను. నెత్తురు లేదు. గడ్డి మీద నాలుగైదు వెంట్రుకలు, అంతే. చలికాలం బొచ్చు దట్టంగా ఉంటుంది కదా, నెత్తురంతా అదే పీల్చేసుకుంటుంది.

ఇరవై అడుగుల అవతల మొదటి చుక్క కనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఎండిన గడ్డిపోచకి ఒక పక్కన ఆవగింజంత మరక, దాదాపు నల్లగా ఉంది. పక్కనే పచ్చటి జిగురు, కంపు. ఊపిరితిత్తులకి తగిలితే గులాబీ రంగులో నురగ ఉంటుందని, ఇది పేగు దెబ్బేనని చెప్పాడు. చుక్క దొరికినచోటల్లా ఆరెంజ్ రిబ్బన్ కట్టాం. ఒకళ్లం చివరి చుక్క దగ్గర నిలబడితే ఇంకొకళ్లం ముందుకి వెతికాం. వెనక్కి తిరిగి చూస్తే అది ఎటు పోయిందో రిబ్బన్ల వరసే చెబుతోంది.

ఆ వరస ముళ్లకంచె దగ్గర ఆగింది. కింది తీగకి చిన్న బూడిదరంగు కుచ్చు చిక్కుకుని ఉంది. కంచె గుంజల మీద ఊదా రంగు గీతలు. టెక్సాస్‌లో ఆ గీత ఉంటే లోపలికి రావద్దని చట్టప్రకారం చెప్పినట్టే. దెబ్బతిన్న జంతువు కోసమైనా అనుమతి లేకుండా దాటకూడదు. పక్క రాంచ్ పెద్దాయనకి ఫోన్ చేస్తే మొదటిసారి ఎత్తలేదు. ఎండ వాలిపోతోంది, నాకు టెన్షన్. రెండోసారి ఎత్తి, "వెళ్లండి, కంచె మాత్రం సాగదీయొద్దు" అన్నారు.

అవతల ఎండిపోయిన వాగు. ఇసుకలో అడుగులు స్పష్టంగా పడ్డాయి. కుక్క అడుగు కంటే సన్నగా, పొడుగ్గా, మధ్య గోళ్లు రెండూ దగ్గరదగ్గరగా. వెనక కాలు ఈడ్చిన గీత ప్రతి అడుగు పక్కనా ఉంది. ఒడ్డు కోసుకుపోయిన చోట, సెడార్ చెట్టు వేళ్ల కింద ముడుచుకుని పడుకుని ఉంది. బతికే ఉంది. మమ్మల్ని చూసి తల ఎత్తింది కానీ లేవలేకపోయింది. పసుపు రంగు కళ్లు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాయి. అతను నన్ను వెనక్కి జరగమని, ఒక్క గుండుతో ముగించాడు. కాసేపాగి కర్రతో కంటిపాప తాకి చూశాడు. కదల్లేదు.

గజ్జి, గోమార్లు ఉంటాయని ఇద్దరం గ్లవ్స్ వేసుకున్నాం. ఎత్తి చూస్తే అనుకున్నదానికంటే తేలిగ్గా ఉంది. అది ఉన్నచోటు నుంచి, కంచె దాటి, దెబ్బ తగిలిన చోటి దాకా చుక్కలు కలుపుకుంటూ మళ్లీ నడిచి, ఒక్కో రిబ్బనూ విప్పి జేబులో పెట్టుకున్నాను. ఫెన్స్ దాటే లోపల ఐదు, దాటాక తొమ్మిది.