గెడ్డ ఒడ్డున మలేరియా

మా భీమవరం వైపు దోమ అంటే మురుగు కాలువే. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ కుళ్ళిన నీళ్ళలోనే బాగా పెరుగుతుంది. అందుకే ఏ నాయకుడు దోమల మాట ఎత్తినా కాలువల పూడిక తీయడం గురించే మాట్లాడతాడు. పాడేరు ఏజెన్సీలో ఈ లెక్క పనికిరాదని మలేరియా విభాగంలో పనిచేసే నా మిత్రుడు ఎప్పటినుంచో చెబుతున్నాడు. కార్తీకంలో వాడి వెంట వెళ్ళాను.

మాడుగుల దాటి ఘాట్ ఎక్కితే గాలి మారిపోయింది. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. కొండవాలుల్లో వలిసె పూలు, లోయల్లో వరి మడులు. బండి వదిలి చాలాసేపు నడిచాక ఒక గూడెం చేరాం. దాని పక్కనే గెడ్డ పారుతోంది. అడుగున గులకరాళ్ళు కనిపించేంత తేట నీళ్ళు. ఊరి వాళ్ళు వంటకు, తాగడానికి వాడుకునేది ఆ నీళ్ళే.

మావాడు ఒడ్డున గడ్డి నీటిలోకి వాలిన చోట గరిటె ముంచి తెల్లటి పళ్ళెంలో పోశాడు. సన్నటి నలకలు నీటి పైపొరకు ఆనుకుని అడ్డంగా తేలుతున్నాయి.

"చూడరా, మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమ పిల్లలు ఇలాగే పడుకుంటాయి. మీ క్యూలెక్స్ పిల్లలైతే తలకిందులుగా వేలాడతాయి," అన్నాడు.

ఇక్కడ మలేరియాను మోసే వాటిలో ముఖ్యమైనది అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. నెమ్మదిగా పారే తేట నీరే దానికి కావాలి. జోరు వానల్లో గెడ్డ పొంగితే పిల్లలన్నీ కొట్టుకుపోతాయి. వానలు వెనకబట్టి ప్రవాహం సన్నబడ్డాక ఒడ్డు వెంబడి మళ్ళీ మొదలవుతాయి. ఇంకో రకం, క్యూలిసిఫేసిస్, వాన గుంటల్లో, మడుల్లో పెరుగుతుంది. అది ఎక్కువగా పశువుల రక్తం తాగుతుంది, ఫ్లూవియాటిలిస్‌కు మాత్రం మనిషి రక్తం ఇష్టం. కొండ మీద అదే ప్రమాదం. చెట్లు కొట్టేసిన చోట గెడ్డకు నేరుగా ఎండ తగులుతుంది, నీరు వెచ్చబడితే పిల్లలు తొందరగా ఎదుగుతాయి.

మరి ఈ చలిలో మలేరియా ఎలా అని అడిగాను. దోమ ఒంట్లో ఫాల్సిపారమ్ అనే మలేరియా క్రిమి ఎదగాలంటే సుమారు 18 డిగ్రీలైనా ఉండాలి. లంబసింగిలో డిసెంబరు రాత్రులు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి. కానీ ఈ దోమ బయట ఉండదు, ఇంట్లోనే, పొయ్యి వెచ్చదనంలో గోడకు అంటుకుని ఉంటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ మొదట చూసింది మన బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇక్కడ పిల్లలు చలిజ్వరంతో వణుకుతున్నారంటే నాకు కోపం, బాధ రెండూ కలిగాయి.

దోమ గోడకు అంటుకుని ఉంటుంది కాబట్టే ఇళ్ళ గోడలకు దోమల మందు కొట్టేది. పండగ వచ్చిందంటే ఆడవాళ్ళు మట్టితో అలుకుతారు, దాంతో మందు మట్టి కిందకి పోతుంది. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, ఇల్లు శుభ్రంగా ఉంచుకోవాలనే కదా. అలకడం అయ్యాక మందు కొట్టేలా తేదీలు ఊరివాళ్ళతో కూర్చుని పెట్టుకోవాలి, అంతే.

అంతకంటే పెద్ద చిక్కు కొండ మీద ఉంది. పోడు చేలు పండే రోజుల్లో మగవాళ్ళు రాత్రంతా మంచె మీద కాపలా ఉంటారు. ఫ్లూవియాటిలిస్ కుట్టేదీ రాత్రే. మంచెకు గోడలు లేవు, మందు ఎక్కడ కొడతారు? గూడెంలో ఒక ఇంటి పెద్దాయన్ని, "దోమతెర పైకి పట్టుకెళ్ళరా?" అని అడిగాను.

"ఉన్న ఒక్కటీ పిల్లల మీద కప్పాను బాబూ. ఇంకోటి ఇస్తే కొండకి మోసుకెళ్తాను," అన్నాడు.

మావాడు ఆయన పేరు రాసుకుని, గూడెంలో ఇంకా ఎవరెవరు మంచెల మీద పడుకుంటున్నారో అడగడానికి పక్కింటికి నడిచాడు.