నాయనమ్మ వచ్చిన శనివారం

శనివారం, నల్లగొండ.

పిల్లల ప్రవర్తన సమస్యల కోసం మేము నడిపే కుటుంబాల సమావేశానికి రామగిరి నుంచి తొమ్మిదేళ్ల కొడుకుతో వచ్చే తల్లి, ఇంతకాలం నేను అడుగుతూ వచ్చినట్టుగా, ఈ రోజు అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. బడిలో తోటివాళ్లను కొట్టడం, టీచరుకు ఎదురు చెప్పడం, ఇంట్లో చేతికందినది విసిరికొట్టడం ఆ పిల్లవాడి మీద ఉన్న ఫిర్యాదులు. తండ్రి మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడుతో బయలుదేరితే చాలా రోజులు ఇంటి ముఖం చూడడు. తల్లి బట్టల దుకాణంలో పని ముగించుకుని ఇంటికి చేరేసరికి రాత్రి అవుతుంది. బడి వదిలినప్పటి నుంచి పిల్లవాడితో గడిపేది నాయనమ్మే కనుక, ఆమె లేకుండా వాడినొక్కడినే కూర్చోబెట్టి ఎంత మాట్లాడినా ఫలితం గుమ్మం దాటదు.

"ఫోన్ ఇయ్యకుంటే ఇల్లు పీకి పందిరేస్తడు మేడం. ఇరుగుపొరుగు ఇంటరని ఇచ్చేస్త" అని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. వాడు అడుగుతాడు, ఆమె వద్దంటుంది, వాడు అరుస్తాడు, ఆమె ఇంకా గట్టిగా అరుస్తుంది, పళ్లెం ఎగిరి పడుతుంది, ఫోన్ వాడి చేతికి వెళుతుంది. అరిస్తే దొరుకుతుందని వాడూ, ఇస్తే ఇల్లు చల్లబడుతుందని ఆమే, ఇద్దరూ ఒకేసారి పాఠం నేర్చుకుంటారు. అమెరికాలోని ఓరెగాన్‌లో మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే పరిశీలించి వివరించిన వలయం ఇదే.

మా సమావేశంలో పలు కుటుంబాలు కలిసి కూర్చునే పద్ధతికి మూలం న్యూయార్క్ నగరంలో పరిశోధకురాలు మేరీ మెక్కే, ఆమె సహచరులు రూపొందించిన కార్యక్రమం. ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లల కుటుంబాలు 16 వారాల పాటు కలుసుకుని ఇంటి నియమాలు, బాధ్యతలు, బంధాలు, గౌరవంగా మాట్లాడుకోవడం గురించి చర్చిస్తాయి. పెద్దల ఒత్తిడిని, వారికి దొరికే తోడ్పాటును కూడా అందులో చేర్చడం నాకు నచ్చిన అంశం. బస్సు ఛార్జీ, పోయిన కూలీ, "పెంపకం సరిగా లేదు" అంటారేమోనన్న భయం, వీటిని పట్టించుకోని ఏ చికిత్సకైనా జనం రెండోసారి రారు.

పానగల్లు నుంచి వచ్చిన ఒక తల్లి, "పెద్దమ్మా, మా ఇంట్ల గూడ గట్లనే" అనగానే నాయనమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. నేను గంటసేపు చెప్పినా అంత పని జరిగి ఉండేది కాదు. తర్వాత పాత్రలు మార్చి ఆడించాము. నాయనమ్మ పిల్లవాడై నేల మీద కాళ్లు కొట్టుకుంటూ ఫోన్ కావాలంది. వాడు నాయనమ్మై కొంగు సవరించుకున్నట్టు చెయ్యి తిప్పి, "బువ్వ తిన్నంక ఇస్త, లొల్లి జెయ్యకు బిడ్డా" అన్నాడు. గొంతు పెంచకుండా అన్నాడు.

చిక్కంతా మెచ్చుకోలు దగ్గర వచ్చింది. పొగిడితే నెత్తికెక్కుతాడని, పైగా దిష్టి తగులుతుందని ఆమె పట్టు. పిల్లవాణ్ణి కాక పనిని మెచ్చుకోమన్నాను, "పళ్లెం నువ్వే కడిగినవ్" అన్నా చాలునన్నాను. దానికి ఒప్పుకుంది. ఫోన్ ఇవ్వడం మానిన మొదటి రోజుల్లో అరుపులు తగ్గకపోగా పెరుగుతాయని, అప్పుడు లొంగిపోతే మరింత గట్టిగా అరవడమే నేర్పినట్టవుతుందని తల్లికీ నాయనమ్మకీ విడివిడిగా చెప్పి పంపాను.

బడివాళ్లు టీసీ తీసుకుపొమ్మంటున్నారట. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే వరకు పిల్లవాణ్ణి బడి నుంచి తీసివేయరాదని, కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధమని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నా, ఆ మాట తల్లి ఒక్కతే వెళ్లి అంటే ఎవరు వింటారు? సోమవారం నేనూ వెంట వెళతాను. దారిలో ఉన్న తండ్రికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు పంపించాము, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు కనుక లారీ ఆపిన చోటి నుంచే చేయవచ్చు. అయితే ఇంటికి వచ్చిన రోజున ఆయన ముద్దుగా ఫోన్ చేతిలో పెట్టకుండా చూడడం నాయనమ్మ పూచీ. "వాన్ని నేను జూస్కుంట" అన్నది కొడుకు గురించి.